దూరము పోయినను దగ్గరితనము నిలుచునా?

మన ఉత్తర తెలంగాణమున పెద్దలు ఒకప్పుడు దూరమును కోసులతోను, ఆమడలతోను చెప్పుకొనెడివారు. తరువాత మైళ్ళు వచ్చినవి. 1956లో తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము వచ్చిన పిదప బాట ప్రక్కనున్న మైలురాళ్ళు క్రమముగా కిలోమీటరు రాళ్ళయినవి. పేరు మాత్రము మైలురాయి గానే నిలిచినది. కొలత ఎన్ని మారులు మారినను కరీంనగరు నుండి జగిత్యాలకు పోవు దారి మారలేదు. కావున కొలత వేరు, కొలువబడునది వేరు అను సంగతి మనకు తెలిసినదే. ఈ భేదమును తుదిదాక తరచి చూచిన గణితశాఖ ఒకటి కలదు. దానిని టోపాలజీ యందురు. అందలి ఒక ప్రశ్నను మన ఇండ్లలోను, ఊళ్ళలోను కనబడు వస్తువుల సాయముతో ఇక్కడ వివరింప బూనుచున్నాము.

ప్రశ్న యిది. దూరమును కొలువదగిన ఒక చోటును సాగదీసి, మడచి, అతికి మఱియొక చోటుగా మార్చితిమి. ఈ మార్పులో కొలత పోయినది. అప్పుడు మిగులున దేమి? మిగిలినదానిని మాత్రమే చూచి, ఇది ఒకప్పుడు కొలతగల చోటు నుండి వచ్చినదేనని గుర్తింపగలమా?

ముందుగా దూర మనగా నేమో చూతము. ధర్మపురిలో గోదావరి యొడ్డున నిలిచినచో ఆవలి గట్టు కంటికి దగ్గరగనే తోచును. పడవవానికి అది సమీపమే. వంతెన వెదకికొని పోవలసిన బండివానికి ఆ గట్టే దూరము. రెండును దూరములే, కొలుచు తీరు వేరు. ఇట్టి కొలతలన్నిటికిని ఉండవలసిన లక్షణములను 1906లో మారీస్ ఫ్రెషే పారిస్ నగరమున సమర్పించిన తన పరిశోధన వ్యాసమున నిర్ణయించెను. అవి మూడు. ఒక చోటికి దానినుండియే గల దూరము సున్న; వేర్వేరు చోట్ల నడుమ దూరము సున్న కాదు. పోవునప్పుడెంత దూరమో, వచ్చునప్పుడును అంతే. నేరుగా పోవు దూరము నడుమ వేరొక చోటికి పోయి వెళ్ళు దూరమును మించదు. కరీంనగరు నుండి ఆదిలాబాదునకు గల దూరము, కరీంనగరు నుండి నిర్మలుకును, నిర్మలు నుండి ఆదిలాబాదునకును గల దూరముల మొత్తమున కెక్కువ కానేరదు. ఈ నియమములను పాటించు కొలత గల బిందువుల సముదాయమునకు 1914లో ఫెలిక్స్ హౌస్‌డోర్ఫ్ తన గ్రంథమున మెట్రిక్ అంతరాళమని పేరిడెను. మనము దానిని ‘కొలతగల చోటు’ అని పిలుచుకొందము.

హౌస్‌డోర్ఫ్ ఆ గ్రంథముననే మఱియొక మెట్టు పైకెక్కెను. దూరము లేకున్నను దగ్గరితనమును గూర్చి మాటలాడవచ్చునని చూపెను. మనము ‘ఇరుగుపొరుగు’ అనునప్పుడు టేపు పెట్టి కొలువము గదా. ప్రతి బిందువునకును ఇవి పరిసరములు అని నిర్ణయించి, కొన్ని తేలిక నియమములు విధించినచో చాలును. ఒక చోటి నుండి మఱియొక చోటికి బిందువులను పంపు ఏర్పాటునకు ప్రతిచిత్రణ మని పేరు. చేరిన బిందువు చుట్టు ఎంత చిన్న పరిసరము గీసినను, బయలుదేరిన బిందువునకు చాలినంత దగ్గరనున్నవన్నియు దానిలోనికే వచ్చి చేరినచో, ఆ ప్రతిచిత్రణము అవిచ్ఛిన్నము. సిరిసిల్ల మగ్గముపై నేసిన బట్టను సాగదీయుట, మడచుట, అంచులు కలిపి కుట్టుట అవిచ్ఛిన్నములు. చించుట కాదు, చించినప్పుడు ఒకదాని నొకటి అంటియున్న పోగులు విడిపోవును.

ఇక మన ప్రశ్నకు వత్తము. కొలతగల చోట్లకు అవిచ్ఛిన్న ప్రతిబింబములుగా ఏ చోట్లు వచ్చును? ఇంతమాత్రమే అడిగినచో సమాధానము మనల నిరాశపరచును. కళ్ళములో విడివిడిగా పరచిన మొక్కజొన్న గింజలను తలచుకొనుడు. ఏ రెండు గింజల నడుమనైనను దూరము ఒకటే యని నియమింతము. ఇది న్యాయమైన కొలతయే. మూడు లక్షణములును దీనికి కలవు. ఇక్కడ ఒక గింజకు మిక్కిలి దగ్గర నున్నది ఆ గింజ మాత్రమే. కావున ఈ గింజలను ఎచ్చటికి ఎట్లు పంపినను ప్రతిచిత్రణము అవిచ్ఛిన్నమే యగును. ప్రపంచమున ఏ చోటునైనను ముందుగా ఇట్లు గింజలవలె విడదీసి, పిదప యథాస్థానమునకు పంపవచ్చును. అనగా ప్రతి చోటును కొలతగల చోటికి ప్రతిబింబమే! అందరిని లోనికి రానిచ్చు ద్వారపాలకుడు ఎవరిని గూర్చియు మనకేమియు చెప్పజాలడు. కావున ప్రతిచిత్రణము అవిచ్ఛిన్న మగుట చాలదు; అది మఱి యే కట్టుబాటును పాటించినది అని అడుగవలెను. కట్టుబాటు మారినకొలది జవాబు మారును. ఈ విషయమందలి సార మంతయు ఇదియే.

కట్టుబాట్లలో అతుకు ఒకటి. అతికిన తరువాత ఏర్పడిన చోట ఒక భాగము పరిసర మగుటకు, అతుకకముందు దాని బిందువులు ఉన్న భాగము కూడ అక్కడ పరిసరమై యుండవలెను, అట్లున్నచో చాలును. దీనిని చీర కుచ్చెళ్ళతో చూడవచ్చును. చీర అంచును ఒక గీతగా భావించి, జానకొక చుక్క పెట్టి, చుక్కలన్నిటిని ఒక్కచోటికి చేర్చి ముడివేసితి మనుకొందము. చుక్కలు పదియో, ఇరువదియో అయినచో భయములేదు. ముడిపడిన దానికిని కొలత నీయవచ్చును. కాని గణితవేత్త చీరకు కొస లేదు. చుక్కలకు అంతు లేదు. అప్పుడు ముడి యొద్ద ఒక వింత జరుగును.

ముడికి పరిసరము కావలెనన్నచో ప్రతి చుక్కకు ఇరువైపుల కొంత కొంత అంచును తీసికొనవలెను. ఎంత తీసికొనవలెనను నియమము లేదు. మొదటి చుక్కకు బెత్తెడు, రెండవదానికి అంగుళము, మూడవదానికి నూలుపోగంత తీసికొన్నను సరియే. ఇప్పుడు ఈ చోట ఒక కొలత యున్నదని వాదమునకు ఒప్పుకొందము. అప్పుడు ముడి చుట్టు ఒకటి, అర, మూడవ వంతు, నాలుగవ వంతు అను వ్యాసార్ధములతో పరిసరములు వరుసగా దొరకవలెను. మఱి యే పరిసరమును తెచ్చినను ఈ జాబితాలోని దేదో ఒకటి దానిలో ఇమిడి తీరవలెను. మేము ఆ జాబితాను ఇట్లు ఓడింతుము. జాబితాలోని మొదటి పరిసరము మొదటి చుక్కయొద్ద ఎంత విస్తరించినదో అందులో సగము తీసికొందుము. రెండవ పరిసరము రెండవ చుక్కయొద్ద విస్తరించినదానిలో సగము, మూడవది మూడవ చుక్కయొద్ద విస్తరించినదానిలో సగము, ఇట్లే తుదివరకును. ఇట్లు ఏర్పడినదియు ముడికి పరిసరమే. కాని జాబితాలోని ఏ పరిసరమును దీనిలో ఇముడదు. ఒక్కొక్కటి ఒక్కొక్క చుక్కయొద్ద బయటికి పొడుచుకొనివచ్చును. కావున ఆ చోటికి ఏ కొలతయు పొసగదు.

ముడి మీదుగా పోవు దగ్గరి దారిని కొలిచినచో దూరము రాదా యని చదువరు లడుగవచ్చును. వచ్చును. కాని ఆ దూరము చుక్కలన్నిటి యొద్దను ఒకే వెడల్పు గల పరిసరములనే మూలముగా ఇచ్చును. అతుకు ఇచ్చిన స్వేచ్ఛ దానిలో లేదు. అది వేరొక చోటికి కొలత గాని, మనము ముడివేసినదానికి కాదు. కొలతగల చోటునుండి న్యాయముగా పుట్టియు కొలతను కోలుపోయిన దానికి ఇది మంచి నిదర్శనము. ఇట్టి ముడులలో కొలత ఎప్పుడు నిలుచు నను ప్రశ్నకు 1956లో ఎ. హెచ్. స్టోన్ అను గణితవేత్తయు, జపాను దేశమున మోరిటా, హనాయి అను నిరువురును సమాధాన మిచ్చిరి. సంవృత సమితులను సంవృతములుగనే నిలుపు ప్రతిచిత్రణములలో, ఒక్కొక్క బిందువుగా మారిన భాగముల సరిహద్దులు సంహతములు అయినచో ప్రతిబింబమునకు కొలత దక్కును, కానిచో దక్కదు. పరిమితమైన చుక్కల సమూహము సంహతము. జానకొకటిగ తుదిలేక సాగిన చుక్కల వరుస సంహతము కాదు.

పైని మనము ఓడించిన జాబితా యున్నదే, దానిని గుర్తుంచుకొందము. ప్రతి బిందువునకు ఒకటి, రెండు, మూడు అని లెక్కింపదగిన పరిసరముల జాబితా యుండుట యొక గుణము. కొలతగల చోట్లకు ఈ గుణ మెల్లప్పుడు నుండును. పరిసరములను పరిసరములుగనే చేరవేయు ప్రతిచిత్రణములు కలవు. వానిని వివృత ప్రతిచిత్రణము లందురు. అవి ఈ జాబితాను కూడ చెక్కుచెదరకుండ చేరవేయును. దీని విపర్యయమును 1960లో మాస్కోకు చెందిన పొనొమరేవ్ నిరూపించెను: బిందువులను ఒకదానినుండి ఒకటి వేరు చేయగల పరిసరములుండి, ప్రతి బిందువునకు ఇట్టి జాబితా యున్నచో, ఆ చోటు కొలతగల యేదో ఒక చోటికి వివృత ప్రతిబింబమే.

లేని కొలత ఎచ్చటినుండి వచ్చినది? ఉత్తరముపై వ్రాయు చిరునామా నుండి వచ్చినది. మనము చిరునామాలో జిల్లా, మండలము, గ్రామము, వీథి, ఇంటి సంఖ్య అని చెప్పుచు పోయినకొలది పరిసరము చిన్నదగుచుండును. అట్లే ఒక బిందువును చుట్టుకొని, దానిని పూర్తిగా గుర్తింపజాలిన పరిసరముల వరుసను ఆ బిందువునకు చిరునామా యనుకొందము. ఇప్పుడు బిందువుల నడుమ కాక చిరునామాల నడుమ దూరమును కొలుతము. రెండు చిరునామాలు మొదటి పంక్తిలోనే భేదించినచో దూరము ఒకటి. రెండవ పంక్తిలో భేదించినచో అర. మూడవదానిలో మూడవ వంతు. ఇది ఫ్రెషే చెప్పిన లక్షణములన్నిటిని పాటించును. ప్రతి చిరునామాను దాని బిందువునకు పంపుటయే మనము కోరిన ప్రతిచిత్రణము. మొదటి కొన్ని పంక్తులు ఒకటిగా నున్న చిరునామాలన్నియు చేరున దెచ్చటికి? ఆ పంక్తులలోని పరిసరముల ఉమ్మడి భాగమునకు సరిగా చేరును. అది పరిసరమే గనుక ప్రతిచిత్రణము వివృతము.

ఒకే బిందువునకు పెక్కు చిరునామా లుండుట ఇక్కడ దోషము కాదు. మన జిల్లాల వారికి ఇది అనుభవమే. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మంచిర్యాలలోని ఇల్లు ఆదిలాబాదు జిల్లానుండి మంచిర్యాల జిల్లాలోనికి, జగిత్యాలలోని ఇల్లు కరీంనగరు జిల్లానుండి జగిత్యాల జిల్లాలోనికి వచ్చినవి. ఇల్లు కదలలేదు, గోడ కదలలేదు. పాత చిరునామాకును కొత్త చిరునామాకును మొదటి పంక్తిలోనే భేదము వచ్చినది. మన లెక్కలో ఆ చిరునామాల నడుమ దూరము ఒకటి. అవి చేరునది మాత్రము ఒకే గడపకు. కొలత చిరునామాలలోనే మిగిలిపోయినది. గడపకు దక్కినది పరిసరముల జాబితా మాత్రమే.

కుచ్చెళ్ళ ముడికి ఈ జాబితా లేదు. అయినను అది అనాథ కాదు. దానికి నడక మిగిలినది. నడక యనగా అనుక్రమము: ఒకదాని తరువాత ఒకటిగా అడుగులు వేయుచు ఒక బిందువును సమీపించు వరుస. ఆ చేరు బిందువే దానికి అవధి. ఒక సమితిలోని అనుక్రమముల అవధులన్నియు ఆ సమితిలోనే యున్నచో అది సంవృత మగుట కొలతగల చోట్ల ధర్మము. ఈ ధర్మము గల చోట్లను సీక్వెన్షియల్ అంతరాళము లందురు. కొలతగల చోట్లను అతికినప్పుడు వచ్చునవి సరిగా ఇవియే, ఎక్కువా కాదు, తక్కువా కాదు, అని 1965లో ఎస్. పి. ఫ్రాంక్లిన్ నిరూపించెను.

నిరూపణము ఆశ్చర్యకరముగా సులభము. అట్టి చోటు ఒకటి ఇచ్చిరనుకొందము. దానిలోని అభిసరణ అనుక్రమముల నన్నిటిని, ఒక్కొక్కదానిని దాని అవధితో కూడ, విడి పోగులుగా బయటికి తీయుదము. ఒక పోగులో ఒకటి, అర, మూడవ వంతు, నాలుగవ వంతు అని సున్న వైపు సాగు బిందువులు, తుదకు సున్న యుండును. అది కొలతగల చోటే. వేర్వేరు పోగుల నడుమ దూరము ఒకటి యని పెట్టుదము. ఈ పోగుల రాశి యంతయు కొలతగల చోటు. ఇప్పుడు ఒకే బిందువునుండి వచ్చినవానిని తిరిగి అతికినచో మొదటి చోటు మరల లభించును. నేతకాని ఇంట పడుగు పేకలు బట్టయైనట్లు, నడకలు చోటయినవి.

అయితే ఒక్క నడకలో పని ముగియునా? ఒక ముడిని తలచుకొనుడు. దానిని సమీపించుచు పూసల వరుస ఒకటి కలదు. ఆ పూసలలో ప్రతిదానికి వ్రేలాడుచు, దానినే సమీపించు చిరుపూసల వరుస వేరొకటి కలదు. ఇవన్నియు పోగులను అతికియే చేయవచ్చును. చిరుపూసలు తమ పూసను చేరును. పూసలు ముడిని చేరును. కాని చిరుపూసల నుండి నేరుగా ముడికి పోవు నడక లేదు. ఏల యనగా, చిరుపూసల వరుస నేదైన నొకదానిని తీసికొనుడు. అది ఒకే పూస క్రిందనుండి అనంతముగా చిరుపూసలను ఏరుకొన్నచో, అవి పోవునది ఆ పూస యొద్దకే, ముడికి కాదు. ప్రతి పూస క్రిందను కొన్నిటిని మాత్రమే ఏరుకొన్నచో, వానిని తప్పించి ముడికి పరిసరమును మనము గీయగలము. రెండు విధములను అది ముడిని చేరదు. ఈ ఉదాహరణమును 1950లో రిచర్డ్ ఆరెన్స్ చూపెను. వైనగంగ నీరు మొదట ప్రాణహిత యగును. పిదపనే కాళేశ్వరము కడ గోదావరి యగును. నేరుగా గోదావరిలో పడదు. ఇదియు అట్టి రెండంచెల ప్రయాణమే.

ఒక్క అంచెలోనే పని ముగియు చోట్లకు ఫ్రెషే పేరే పెట్టిరి. కుచ్చెళ్ళ ముడి ఇట్టిదే. 1963లో మాస్కోకు చెందిన అర్హంగెల్‌స్కీ వీనికి కూడ కట్టుబాటును కనుగొనెను: ఒక బిందువునకు పూర్వస్థానము లన్నిటిని ఆవరించిన ఏ వివృత సమితిని పంపినను, అది చేరినచోట ఆ బిందువునకు పరిసరమే కావలెను. కొలతగల చోట్ల నుండి ఈ కట్టుబాటుతో వచ్చునవి సరిగా ఫ్రెషే చోట్లు. తక్కినవానికి రెండంచెలో, మూడంచెలో, అనంతమైన అంచెలో కావలసియుండును. ఈ అంచెల సంఖ్యను 1968లో అర్హంగెల్‌స్కీ, ఫ్రాంక్లిన్ కలిసి క్రమసంఖ్యలతో కొలిచి, అది మొదటి అగణ్య క్రమసంఖ్యను ఎన్నడును దాటదని తెలిపిరి. ఈ మార్గమున మన హైదరాబాదునందును గట్టి కృషి జరిగినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున గణితాచార్యులుగా పనిచేసిన వి. కన్నన్ గారు క్రమసంఖ్యలతో చోట్లను వర్గీకరించు విషయముపై వ్రాసిన ‘ఆర్డినల్ ఇన్వేరియంట్స్ ఇన్ టోపాలజీ’ అను గ్రంథమును అమెరికన్ మాథమెటికల్ సొసైటీ 1981లో తన మెమాయిర్స్ అను శ్రేణిలో 245వ సంఖ్యగా ప్రకటించినది. దూరమును కోలుపోయిన చోట్లకు మరల ఒక కొలత దొరకినదన్నమాట. అది బిందువుల నడుమ దూరము కాదు, చేరుటకు పట్టు అంచెల లెక్క.

ఇంతకును ఏ నడకకును అందని బిందువు లుండునా? ఉండును. లెక్కింపదగిన క్రమసంఖ్యలన్నిటిని వరుసగా నిలిపి, వాని చివర మొదటి అగణ్య క్రమసంఖ్యను కూర్చుండబెట్టినారనుకొందము. ముందున్నవానినుండి అడుగులు వేయు ఏ అనుక్రమమునకైనను లెక్కింపదగిన ఒక క్రమసంఖ్యయే హద్దుగా నిలుచును. కావున ఏ నడకయు తుదను చేరదు. అయినను ఆ తుది బిందువు యొక్క ప్రతి పరిసరములోను ముందువారు కిక్కిరిసియే యుందురు. దగ్గరితనము కలదు, దారి లేదు. ఇట్టి చోటు కొలతగల చోటును అతుకుట వలన ఎన్నడును రాదు.

దీనివలన నష్టపోవున దెవరని అడిగినచో, మా సమాధానము: కళాశాల విద్యార్థి. సంఖ్యారేఖపై చదువు నేర్చినవానికి, ‘ఈ అనుక్రమము అవధిని చేరినది, కావున సమితి సంవృతము’ అని వ్రాయు అలవాటు పడును. ఆ అలవాటు కొలతగల చోట న్యాయము. అతుకుల చోట కూడ న్యాయమే. ఆవల అది తప్పు. నిరూపణమున ప్రతి పంక్తియు సరిగా నున్నట్లే తోచి, ఫలితము మాత్రము అబద్ధమగును. మేము చదువుకొను దినములలో ఈ పొరపాటు చేసినవారమే. అట్టి సమయమున విద్యార్థి వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చోటు ఎచ్చటినుండి, ఏ కట్టుబాటుతో వచ్చినది? వివృతముగ వచ్చినచో జాబితా మిగులును. అతుకుచేత వచ్చినచో నడక మిగులును. గింజలవలె విడిపోయి వచ్చినచో ఏమియు మిగులునని చెప్పలేము.

హైదరాబాదునుండి కరీంనగరునకు సుమారు 160 కిలోమీటర్లు. అక్కడ పలికిన మాట ఇక్కడ రేడియోలో వినబడునప్పుడు ఆ కిలోమీటర్లు మన చెవికి తెలియవు. కాని మాట వెంట మాట అదే వరుసతో వచ్చును. అందువలననే అర్థము చెడదు. దూరము పోయినప్పుడు విచారింపక, వరుస నిలిచినదా యని చూచుకొనవలెను.